చుంచులతో గడిచిన ఏడాది: మన అసోసియేషన్ వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఎప్పుడూ ఉండే విషయాలు ముందు చెప్పేస్తాను. లిఫ్టు సర్వీసింగ్ అయింది, నీళ్ల ట్యాంకులు కడిగించాం, పార్కింగు గొడవ ఎక్కడిదక్కడే ఉంది. మిగతా ఏడాదంతా కమిటీ చుంచుల వెనకే తిరిగింది కాబట్టి ఈ నివేదికలో కూడా వాటిదే పెద్ద వాటా.

ముందు మా తప్పు ఒప్పుకోవాలి. రెండు మూడు ఇళ్ల వాళ్లు వచ్చి రాత్రిళ్లు వంటగదిలో చప్పుడవుతోందని చెప్పినప్పుడు, ఎవరింట్లో వాళ్లు చూసుకోండి అని పంపేశాం. చుంచుకి మీ ఇల్లు, మా ఇల్లు అన్న తేడా ఏముంటుంది, పైపులు పోయే షాఫ్టులో పడి అంతస్తులన్నీ ఎక్కేస్తుంది. ఆడ చుంచు కడుపుతో ఉండేది దాదాపు 3 వారాలే, ఈతకి 5 నుంచి 8 పిల్లల దాకా పెడుతుంది, ఆ పిల్లలు 6 వారాలకల్లా తామే పిల్లల్ని కనే వయసుకొస్తాయి. అంటే మేం మీటింగు వాయిదా వేసిన నెలన్నరలో ఒక తరం ఎదిగిపోయిందన్నమాట.

తర్వాత కంగారుపడి మందు పెట్టించాం. ఇది రెండో తప్పు. మార్కెట్లో దొరికే ఎలుకల మందుల్లో ఎక్కువ భాగం రక్తం గడ్డకట్టకుండా చేసేవి, అవి తిన్న చుంచు అక్కడికక్కడ చావదు, కొన్ని రోజులు తిరిగి తిరిగి మన చెయ్యి దూరని చోట చస్తుంది. ఫాల్స్ సీలింగ్ పైన చచ్చినదాని కంపు ఎన్నాళ్లుందో పై అంతస్తు వాళ్లనడగండి, మమ్మల్ని మాత్రం అడగొద్దు. పైగా ఆ మందు తిన్న చుంచుని పిల్లో గుడ్లగూబో తింటే వాటికీ ప్రమాదమే, చిన్నపిల్లలున్న ఇళ్లలో ఆ టెన్షన్ వేరే. అందుకే మందు ఆపేశాం. మీ ఇంట్లో ఇంకా మిగిలుంటే ఆఫీసు గదిలో ఇచ్చేయండి, చెత్తబుట్టలో వేయకండి.

పని చేసింది పెన్సిల్. నిజంగానే. ఒక ఆదివారం టార్చి, పెన్సిలు పట్టుకుని బిల్డింగంతా తిరిగాం. పెన్సిల్ దూరే సందు, అంటే 6, 7 మిల్లీమీటర్లు ఉంటే చాలు, చుంచు దూరిపోతుంది. సింకు కింద పైపు గోడలోకి వెళ్లేచోట, ఏసీ పైపు బయటికి వచ్చే కన్నంలో, షాఫ్టు తలుపుల అడుగున, ఎక్కడ చూసినా సందులే. ఇన్నేళ్లుగా ఉంటున్నాం, ఎవరమూ వంగి చూసింది లేదు. మొదట ఫోమ్ కొట్టి హమ్మయ్య అనుకున్నాం, వారం తిరగకుండా కొరికేశాయి. వాటి ముందు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరకక తప్పదు, పార్కింగులో రెండు కార్ల వైర్లు పోయిందీ అందుకే. ఆ తర్వాత స్టీల్ పీచు గట్టిగా కుక్కి పైన సీలెంట్ పూయించాం, తలుపుల కింద రేకు పట్టీలు కొట్టించాం. అవి నిలిచాయి.

లోపల మిగిలిపోయినవాటికి స్ప్రింగ్ బోన్లు పెట్టాం. చుంచు గది మధ్యలోంచి రాదు, గోడ వారనే పోతుంది, కాబట్టి బోను గోడకి అడ్డంగా, ఎర ఉన్న వైపు గోడకి తగిలేలా పెట్టాలి. ఒక్కటి పెట్టి ఊరుకోకండి, రెండు మూడు మీటర్లకొకటి చొప్పున ఒకేసారి పెట్టండి. ఎర బఠాణీ గింజంత చాలు, ఎక్కువ పెడితే అంచున నాకి పోతుంది. జిగురు అట్టలు వద్దని కమిటీ తీర్మానించింది, అంటుకుని గంటలకొద్దీ విలవిల్లాడుతుంటే చూడలేకపోయాం. మనకి వినపడని శబ్దంతో ఎలుకల్ని తరుముతుందన్న మెషీన్ కూడా ఒక సభ్యుడు తెచ్చారు, దాని వెనకే పెంటికలు కనిపించాయి, ఇక చెప్పేదేముంది.

పెంటికలంటే గుర్తొచ్చింది, దయచేసి చీపురుతో పొడిగా ఊడ్వకండి, వ్యాక్యూమ్ కూడా పెట్టకండి. ఆ దుమ్ము పీలిస్తే జబ్బులొచ్చే అవకాశం ఉంది. కిటికీలు తెరిచి కాసేపాగి, గ్లవ్స్ వేసుకుని, 1 వంతు బ్లీచ్ ద్రావణానికి 9 వంతుల నీళ్లు కలిపి పెంటికలు తడిసేలా చల్లి, 5 నిమిషాలయ్యాక కాగితంతో తీసి కవరులో మూట కట్టి పారేయండి. ఒక్క చుంచు రోజుకి 50కి పైగా పెంటికలు వేస్తుంది, కాబట్టి శుభ్రం చేశాక మళ్లీ కొత్తవి కనిపిస్తే లోపల ఇంకా ఉన్నట్టే, వెంటనే చెప్పండి.

తిండి సంగతి. చుంచుకి రోజుకి 3 గ్రాములు చాలు. అంటే స్టవ్ కింద రాలిందే దానికి భోజనం. గింజలు, పిండి గాజు సీసాల్లోనో మూత బిగుసుకునే స్టీలు డబ్బాల్లోనో పోయండి, ప్లాస్టిక్ కవర్లు కొరికేస్తాయి. పెంపుడు కుక్క గిన్నె రాత్రి నేల మీద వదలకండి.

ప్రస్తుతం కింది రెండు అంతస్తుల్లో పెంటికలు కనిపించడం లేదు. పైన కొన్ని ఇళ్లు మాత్రం తాళం వేసి ఉండటంతో సింకుల కింద సందులు చూడలేకపోయాం, ఆ షాఫ్టులో ఇంకా అలికిడి వినిపిస్తూనే ఉంది. ఆ ఇళ్ల వాళ్లు తాళాలు ఎవరి చేతికైనా ఇచ్చి వెళ్తే అరగంట పని. స్టీల్ పీచు, పెన్సిలు ఆఫీసు గదిలోనే ఉన్నాయి.

ఇట్లు,
కార్యదర్శి