అమెరికాలో అద్దె కారు: చిక్కంతా కౌంటరు దగ్గరే

సంపాదకులకు,

అయ్యా,

వేసవి వస్తోందంటే అమెరికా ప్రయాణాలు, వాటితోపాటు ‘అక్కడ కారు అద్దెకు తీసుకుని మనమే తిరిగేద్దాం’ అనే ఆలోచనలు మొదలవుతాయి. తొలిసారి వెళ్ళేవారికి అందే సలహాల్లో సింహభాగం కుడివైపు డ్రైవింగ్ గురించే. అది రెండు రోజుల్లో అలవాటవుతుంది. డబ్బు పోయేదీ, ప్రయాణం ఆగిపోయేదీ విమానాశ్రయంలో అద్దె కంపెనీ కౌంటరు దగ్గర. అక్కడికి చేరకముందే, ఇంట్లో ఉండగానే సరిచూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. చట్టాలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి కనుక కాలిఫోర్నియాను పట్టుకుని చెబుతున్నాను.

మొదటిది పేరు. మన లైసెన్సు మీద ఇంటిపేరు పొడి అక్షరంలో ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విడదీసి ఉంటుంది, క్రెడిట్ కార్డు మీద అసలు ఇంటిపేరే ఉండదు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడ్డవాళ్ళ వీసా మీద ముందు పేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ముందు పేరు తెలియదు) అని అచ్చవుతుంది. మనకివన్నీ ఒకే మనిషి. కౌంటరు ఉద్యోగికి నలుగురు మనుషులు. కారు బుక్ చేసినవారు, లైసెన్సు చూపేవారు, కార్డు ఇచ్చేవారు ఒక్కరే అని నిరూపణ కాకపోతే తాళాలు ఇవ్వరు. లైసెన్సులో పేరు విడదీయించుకోవడానికి వారాలు పట్టవచ్చు కనుక టికెట్లు కొన్న రోజే ఆ పని మొదలుపెట్టాలి.

లైసెన్సు అసలు కార్డే ఉండాలి. డిజీలాకర్‌లో చూపిస్తే మన ట్రాఫిక్ పోలీసు ఒప్పుకుంటాడు, అక్కడ దానికి విలువ లేదు. కార్డు మీద ఎల్ఎంవీ, అంటే కారు నడిపే అర్హత, ఉందో లేదో చూసుకోండి. ద్విచక్ర వాహనానికి మాత్రమే తీసుకుని అదే అన్నిటికీ పనికొస్తుందనుకునేవారు ఇంకా ఉన్నారు. మన లైసెన్సు ఇంగ్లిషులోనే ఉంటుంది కాబట్టి కాలిఫోర్నియాలో పర్యాటకులు దానితోనే నడపవచ్చు. అయినా ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్ళడం మంచిది. కొన్ని కంపెనీలు అడుగుతాయి, కొన్ని దేశాల్లో అది లేనిదే కుదరదు. రుసుము 1,000 రూపాయలు. చెల్లుబాటు ఏడాది, లేదా లైసెన్సు గడువు, ఏది ముందైతే అది. ఇచ్చేది ఆర్టీఏ. ‘ఇంట్లో కూర్చుని అంతర్జాతీయ లైసెన్సు’ అని అమ్మే ప్రైవేటు వెబ్‌సైట్ల కాగితాలు చెత్తబుట్టకే. పర్మిట్ ఒక్కటే చూపినా చెల్లదు, పక్కన అసలు లైసెన్సు ఉండాల్సిందే.

రెండోది కార్డు. నడిపేవారి పేరు మీదే ఉన్న క్రెడిట్ కార్డు కావాలి. అద్దెతోపాటు కొన్ని వందల డాలర్లు దాని మీద ‘హోల్డ్’ చేస్తారు. ఆ డబ్బు ఖర్చయినట్టు కాదు, కానీ కారు అప్పగించాక కూడా కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు వారాలు, లిమిట్‌లో ఇరుక్కుని ఉంటుంది. లిమిట్ లక్ష ఉన్న కార్డుతో వెళ్ళి, హోటళ్ళకూ అదే గీసి, చివరికి ఏదీ చెల్లక నిలబడిపోయేది ఇందుకే. ఫారెక్స్ కార్డును, డెబిట్ కార్డును చాలా కౌంటర్లు డిపాజిట్‌కు తీసుకోవు. వీసా, మాస్టర్‌కార్డ్ అయితే పేచీ ఉండదు. 2020 మార్చి నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు దేశంలో వాడకానికే తెరిచి ఉంటాయి. విదేశీ లావాదేవీల మీట మనమే బ్యాంకు యాప్‌లో నొక్కాలి. పిన్ గుర్తుపెట్టుకోండి. రూపాయల్లో తీసుకోమంటారా, డాలర్లలోనా అని మిషన్ అడిగితే డాలర్లే. రూపాయల్లో అంటే వాళ్ళు వేసుకున్న మారకపు రేటుకు తలవంచినట్టే.

ఇక బీమా. కంగారుపడేదీ, మోసపోయామనిపించేదీ ఇక్కడే. మన దేశంలో బండికి ఒక పాలసీ ఉంటుంది, ఎవరు నడిపినా అదే వర్తిస్తుందని మన లెక్క. అమెరికా అద్దె కారు విషయంలో మూడు వేర్వేరు సంగతులను విడదీసి చూడాలి. ఒకటి, అద్దె కారుకే జరిగే నష్టం. దీనికి ఇచ్చే రక్షణను ఎల్‌డీడబ్ల్యూ లేదా సీడీడబ్ల్యూ అంటారు. రెండు, మన వల్ల ఎదుటివారి ఒంటికి, వాహనానికి జరిగే నష్టం, అంటే మన థర్డ్ పార్టీ. దీన్ని పెంచుకునే పాలసీ పేరు ఎస్ఎల్ఐ. మూడు, మనకు తగిలే గాయాలు. మూడోదాన్ని మన ప్రయాణ బీమా చూసుకుంటుంది కనుక కౌంటరులో కొననక్కర్లేదు.

అసలు గండం రెండోది. కారు అద్దెలో ఎదుటివారి నష్టానికి రక్షణ ఉంటే గింటే ఆ రాష్ట్రపు కనీస మొత్తమే. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఆ కనీసం ఒక మనిషి గాయాలకు 30,000 డాలర్లు, ప్రమాదం మొత్తానికి 60,000, ఆస్తి నష్టానికి 15,000. అంతకుముందు దశాబ్దాల పాటు 15,000, 30,000, 5,000. అక్కడి ఆసుపత్రిలో ఒక ఎముక విరిగి ఆపరేషన్ అయిందంటే 30,000 డాలర్లు ఏ మూలకూ రావు. మిగతాది నడిపినవారి నెత్తినే. కారు గీతలకు భయపడి ఎల్‌డీడబ్ల్యూ కొని, ఎస్ఎల్ఐ ‘అక్కర్లేదు’ అనడం తలకిందుల లెక్క. సొట్టకు ఒక హద్దు ఉంటుంది, మనిషి గాయానికి హద్దు లేదు.

ఇక్కడ మన ఇళ్ళలో ఒక పొరపాటు సలహా తిరుగుతుంటుంది. అక్కడ స్థిరపడ్డ అబ్బాయో అల్లుడో ‘కౌంటర్లో ఏదీ తీసుకోవద్దు నాన్నా, మేమెప్పుడూ తీసుకోం’ అంటాడు. అతని మాట అతని మటుకు నిజం. అతనికి సొంత కారు పాలసీ ఉంది, సాధారణంగా అది అద్దె కారుకూ వర్తిస్తుంది. అతని అమెరికా క్రెడిట్ కార్డు కారు నష్టాన్నీ భరించవచ్చు. సందర్శకులకు ఈ రెండూ లేవు. ఆ కార్డులైనా ఎదుటివారి నష్టాన్ని భరించవు. అలాగని అతని పేరు మీద కారు తీసి మనం నడిపితే, ఒప్పందంలో మన పేరు అదనపు డ్రైవరుగా రాయించకపోతే, ఉన్న రక్షణ కూడా పోతుంది. పార్కింగ్ లోంచి బయటికి తీయడానికైనా సరే, పేరు లేని మనిషి స్టీరింగు ముట్టుకోకూడదు.

దీనికి సులువైన దారి బుకింగ్ దగ్గరే ఉంది. పెద్ద అద్దె కంపెనీల వెబ్‌సైట్లు మీరుండే దేశం ఏదని అడుగుతాయి. భారత్ అని పెడితే చాలాసార్లు ఎల్‌డీడబ్ల్యూ, ఎదుటివారి నష్టం రెండూ కలిసిన ధర చూపిస్తాయి. అమెరికా అని పెడితే ధర తగ్గి కనిపిస్తుంది, ఎందుకంటే అందులో అవి ఉండవు. చవక అని అది పట్టుకుంటే కౌంటరులో రోజువారీగా కొనేటప్పుడు అద్దెకు సమానంగా అయ్యే అవకాశముంది. మధ్యవర్తి వెబ్‌సైట్లు అమ్మే ‘ఫుల్ కవర్’ వేరే సంగతి. అది ముందు మీరు కట్టుకుంటే తర్వాత తిరిగిచ్చే పాలసీ. కౌంటరులో దాన్ని గుర్తించరు, హోల్డ్ తగ్గించరు. ఏది కలిసి ఉందో రాసిన వోచరు ముద్రించి తీసుకెళ్ళండి. కౌంటరులో చిన్న తెర మీద ఒక్కొక్కటిగా ‘కావాలి, వద్దు’ గడులు వస్తాయి. ఇరవై గంటల ప్రయాణం తర్వాత, వెనక క్యూ ఉండగా, ఉద్యోగి చూపించిన చోటల్లా సంతకం పెట్టేయడం వల్లే బిల్లు రెట్టింపవుతుంది. పెద్ద కారు, ముందే కొనే పెట్రోలు, టోల్ ప్యాకేజీ, రోడ్డు పక్క సహాయం, ఇవన్నీ అమ్మకాలే. తొందరపడకుండా మొత్తం అంకె చూసి సంతకం చేయండి.

వయసు 25 లోపైతే రోజుకు అదనపు రుసుము, 21 లోపైతే చాలాచోట్ల కారే ఇవ్వరు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు వెనక సీట్లో కారు సీటో బూస్టరో తప్పనిసరి (నాలుగడుగుల తొమ్మిదంగుళాలు ఎదిగినవారికి మినహాయింపు), మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం కుదరదు. అద్దె సీటు రోజు లెక్కన వేస్తారు, పది రోజులు దాటితే కొనుక్కోవడమే చవక కావచ్చు.

తాళాలు చేతికొచ్చాక కంపెనీ పార్కింగ్ స్థలం దాటకముందే కారంతా వీడియో తీయండి. నాలుగు చక్రాల అంచులు, ముందు అద్దం, పైకప్పు, బంపరు కింది భాగం, పెట్రోలు ముల్లు, కిలోమీటర్ల బదులు మైళ్ళు చూపే మీటరు. పాత గీతలుంటే ఒప్పందం కాగితం మీద రాయించాలి.

రోడ్డెక్కాక గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే: డ్రైవరు సీటు ఎప్పుడూ రోడ్డు మధ్య గీత వైపు ఉండాలి. మన దేశంలోనూ అంతే, అక్కడా అంతే. మనకు ఎడమ మలుపు చిన్నది, కుడి మలుపు పెద్దది. అక్కడ తిరగేయాలి. తప్పు జరిగేది రద్దీలో కాదు, తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద ఎడమకు తిరిగేటప్పుడు. ఇండికేటర్ కాడ ఎడమ చేతికి ఉంటుంది, మొదటి రోజంతా మలుపుకో సారి వైపర్లు ఆడతాయి. స్టాప్ బోర్డు దగ్గర చక్రం పూర్తిగా ఆగాలి. ఎర్ర లైటున్నా ఆగి చూసుకుని కుడికి తిరగవచ్చు, ఎర్ర బాణం ఉంటే, తిరగొద్దన్న బోర్డుంటే తిరగకూడదు. వజ్రం గుర్తున్న లేనులో బోర్డు మీద రాసినంత మంది కారులో లేకుండా వెళితే జరిమానా కనీసం 490 డాలర్లు. మన దగ్గర హెడ్‌లైట్లు ఆర్పి వెలిగిస్తే ‘నేనొస్తున్నా’ అని, అక్కడ చాలాసార్లు ‘మీరెళ్ళండి’ అని. వెనక పోలీసు దీపాలు వెలిగితే కుడి పక్కకు ఆపి కారులోనే ఉండాలి, చేతులు స్టీరింగు మీద కనబడేలా. మన అలవాటు ప్రకారం కాగితాలు పట్టుకుని దిగి ఎదురెళ్ళడం అక్కడ ప్రమాదకరం.

పెట్రోలును ‘గ్యాస్’ అంటారు. మామూలు కారుకు 87 అంకె ఉన్నది చాలు. ఆకుపచ్చ పిడి చూసి పెట్రోలు అనుకోకండి, అక్కడ చాలా బంకుల్లో అది డీజిలు. పంపు అయిదంకెల జిప్ కోడ్ (అక్కడి పిన్‌కోడ్) అడిగి మన కార్డును తిరస్కరిస్తుంది. లోపలికి వెళ్ళి పంపు నంబరు చెప్పి ముందుగా 40 డాలర్లు కట్టండి, మిగిలింది వెనక్కి వేస్తారు. గోల్డెన్ గేట్ వంతెన మీద 2013 నుంచి నగదు తీసుకోరు, కారు నంబరును కెమెరా పట్టుకుంటుంది. ఆ టోల్ అద్దె కంపెనీ ద్వారా వస్తే సేవా రుసుము కలుస్తుంది. అక్కడి టోల్ వసూలు వ్యవస్థ ఫాస్‌ట్రాక్ వెబ్‌సైట్‌లో మనమే కారు నంబరిచ్చి కట్టుకోవచ్చు. పేరు మన ఫాస్టాగ్‌లా వినిపించినా మన ట్యాగు అక్కడ పనిచేయదు! పార్కింగులో ఎర్ర రంగు పూసిన అంచు, ఫైర్ హైడ్రెంట్‌కు 15 అడుగులు, 2025 నుంచి జీబ్రా గీతలకు 20 అడుగులు వదలాలి. శాన్ ఫ్రాన్సిస్కోలో కారులో సంచి కనబడేలా వదిలారంటే అద్దం పగిలినట్టే.

ప్రమాదం జరిగితే ముందు అత్యవసర నంబరు 911కు, ఆ వెంటనే అద్దె కంపెనీకి ఫోన్ చేయాలి. ఎవరికైనా గాయమైనా, నష్టం 1,000 డాలర్లు దాటినా పది రోజుల్లో ఎస్ఆర్-1 అనే ప్రమాద నివేదిక ఫారం కాలిఫోర్నియా డీఎంవీకి (అక్కడి రవాణా శాఖకు) పంపాలి, తప్పు ఎవరిదైనా.

తిరిగి ఇచ్చేటప్పుడు విమానాశ్రయం దగ్గరి బంకులో ట్యాంకు నింపి రసీదు దాచండి, మళ్ళీ వీడియో తీయండి, చివరి బిల్లు ఈమెయిల్లో వచ్చేదాకా ఆ రసీదును పారేయకండి.

రెండు రాష్ట్రాల రవాణా శాఖలకూ ఒక విజ్ఞప్తి. పర్మిట్ ఇచ్చే దరఖాస్తుకు పాస్‌పోర్టు జత చేస్తున్నారు. లైసెన్సులోని పేరు దానితో సరిపోలుతోందా అని అక్కడే చూసి, తేడా ఉంటే అదే దరఖాస్తులో సవరించుకునే వీలు కల్పించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయవాడ