మారుమూల ఊరికి ఏం దక్కాలి? ఇండోనేషియా అనుభవం, మన తండాలు

గౌరవనీయులైన సంపాదకుల వారికి నమస్కారాలు.

2025 డిసెంబరులో మూడు విడతలుగా జరిగిన ఎన్నికలతో మన తెలంగాణ గ్రామ పంచాయతీలకు దాదాపు రెండేళ్ళ తరువాత మళ్ళీ పాలకవర్గాలు వచ్చాయి. 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్న ఊళ్ళు, ఎన్నికైన పాలకవర్గం లేదన్న కారణంగా కేంద్ర ఆర్థిక సంఘం నిధులకు కూడా దూరమయ్యాయి. కొత్త సర్పంచులు పని మొదలుపెడుతున్న ఈ తరుణంలో దేవరకొండ, చందంపేట, అచ్చంపేట, అమ్రాబాద్ వైపు ఉన్న చిన్న తండాలూ, చెంచు పెంటలూ (అడవిలోని చెంచుల ఆవాసాలు) ప్రభుత్వాన్ని ఏమడగాలో తేల్చుకోవడానికి ఇండోనేషియాలోని మారుమూల ఊళ్ళ అనుభవం పనికివస్తుందన్న నమ్మకంతో ఈ లేఖ రాస్తున్నాను. నేను ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. అక్కడి పల్లెల గురించి కొన్నేళ్ళుగా శ్రద్ధగా చదువుతున్నాను.

ఇండోనేషియా అనగానే మనకు బాలి గుర్తుకు వస్తుంది. బాలికి తూర్పున సుంబా, ఫ్లోరెస్, తిమోర్ దీవులున్న తూర్పు నుసా తెంగ్గారా రాష్ట్రం గురించి మన పత్రికల్లో కనిపించేది తక్కువ. ఆ దేశంలోని పేద రాష్ట్రాల్లో అదొకటి. అక్కడ వానలు ప్రధానంగా డిసెంబరు నుంచి మార్చి దాకా కురుస్తాయి, మిగతా కాలమంతా ఎండే. మక్కజొన్న, కర్రపెండలం ముఖ్యమైన పంటలు. పాత పంట అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని జనవరి, ఫిబ్రవరి నెలలు ఆకలి నెలలుగానే గడుస్తాయి. ఎండాకాలంలో ఆడవాళ్ళూ పిల్లలూ దూరపు ఊటల నుంచి నీళ్ళు మోసుకు రావాలి. సుంబాలో ఆడవాళ్ళు నూలును ముడివేసి రంగుల్లో ముంచి నేసే బట్ట ప్రపంచ ప్రసిద్ధం. పుట్టపాక, పోచంపల్లి ఇళ్ళలో పుట్టినవారికి ఆ పని విడమరచి చెప్పనక్కరలేదు. పెళ్ళికీ చావుకీ గేదెలనూ గుర్రాలనూ పందులనూ ఇవ్వవలసిన ఆచారం వల్ల ఎన్నో కుటుంబాలు అప్పుల్లో పడతాయి.

ఈ ఊళ్ళ యువకులూ యువతులూ మలేసియాలోని పామాయిల్ తోటలకూ, ఇళ్ళలో పనికీ వలసపోతున్నారు. చాలామంది సరైన కాగితాలు లేకుండానే దళారుల వెంట వెళ్తారు. అక్కడ చనిపోయినవారి శవపేటికలు ఆ రాష్ట్ర రాజధాని కుపాంగ్ విమానాశ్రయానికి ఏటా వస్తూనే ఉన్నాయి. గుంపు మేస్త్రీ చేతిలో అడ్వాన్సు తీసుకొని బొంబాయికీ పూణేకూ, ఎక్కడ ఆనకట్ట కడితే అక్కడికీ పోయిన పాలమూరు లేబరు చరిత్ర తెలిసినవారికి ఈ బాధ కొత్తది కాదు. ముసలివాళ్ళూ పసివాళ్ళూ మిగిలిన ఊళ్ళో బడి ఎలా నడుస్తుందో ఇక్కడ కళ్ళారా చూసినవాణ్ణి కాబట్టి, అక్కడి ఊళ్ళ సంగతి చదివినప్పుడు నా మనసు కలత చెందింది.

అయితే ఇండోనేషియా ఒక గట్టి పని చేసింది. 2014లో గ్రామ చట్టం తెచ్చి, 2015 నుంచి కేంద్ర బడ్జెట్టులోనే ప్రతి ఊరికీ వాటా కేటాయించింది. దాన్ని అక్కడ దానా దేశా, అంటే గ్రామ నిధి అంటారు. మొదటి ఏడు 20.7 లక్షల కోట్ల రుపియాలు ఇచ్చారు. 2019 నాటికి ఆ మొత్తం 70 లక్షల కోట్లకు పెరిగింది. సుమారు 75 వేల ఊళ్ళకు పంచితే సగటున ఊరికి 93 కోట్ల రుపియాలు, అంటే అప్పటి మారకం విలువలో మన లెక్కకు అర కోటి రూపాయలకు కాస్త తక్కువ. ఇది కాక జిల్లా ప్రభుత్వం తనకు కేంద్రం నుంచి వచ్చే నిధుల్లో కనీసం పదో వంతు ఊళ్ళకు ఇవ్వాలని ఆ చట్టమే చెబుతుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ నిధిని పంచే పద్ధతి. తొలి ఏళ్ళలో మొత్తంలో 90 శాతాన్ని అన్ని ఊళ్ళకూ సమానంగా పంచి, మిగతా 10 శాతాన్ని జనాభా, పేదరికం, విస్తీర్ణం, భౌగోళిక దుర్గమత అనే నాలుగు అంశాలను బట్టి ఇచ్చారు. పెద్ద ఊళ్ళలోని పేదలకు దీనివల్ల అన్యాయం జరుగుతోందన్న విమర్శ వచ్చాక, 2018లో సమాన వాటాను 77 శాతానికి తగ్గించారు. ఆ విమర్శలో నిజముంది. అయినా కొండ మీద ఉన్న ఊరికీ, పడవ తప్ప దారి లేని ఊరికీ ఆ కష్టమే కొంత అదనపు నిధికి ఆధారం కావాలన్న సూత్రం న్యాయమైనది. మన 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల నిధులను రాష్ట్రాల మధ్య పంచినప్పుడు 90 శాతం జనాభాను, 10 శాతం విస్తీర్ణాన్ని చూసింది. దూరానికీ దుర్గమతకూ అందులో చోటు లేదు. 2018లో మన రాష్ట్రంలో కొత్తగా ఏర్పడిన 4,383 పంచాయతీలలో అనేకం తండాలే. జనాభా ప్రాతిపదికన వచ్చే నిధితో అలాంటి చిన్న పంచాయతీ ట్రాక్టరు కిస్తీ, కరెంటు బిల్లు, సఫాయి కార్మికుల జీతం చెల్లించాక మిగిలేది ఎంతో సర్పంచులందరికీ తెలుసు.

డబ్బును ఎలా ఖర్చు చేయాలో ఊరి సభ నిర్ణయించాలని అక్కడి చట్టం చెబుతుంది. ఆ ఏటి ఆదాయ వ్యయాలను పెద్ద బ్యానరు మీద ముద్రించి గ్రామ కార్యాలయం ముందు కట్టే అలవాటు ఎన్నో ఊళ్ళలో వచ్చింది. 2020లో కరోనా కాలంలో పేద కుటుంబాలకు తొలి మూడు నెలలు నెలకు 6 లక్షల రుపియాల చొప్పున గ్రామ నిధి నుంచే సాయం ఇచ్చినప్పుడు, ఎవరికి ఇవ్వాలో ప్రత్యేక గ్రామ సభల్లో తేల్చారు. మన 2018 పంచాయతీరాజ్ చట్టం కూడా రెండు నెలలకు ఒకసారి గ్రామ సభ జరపాలంటుంది. కానీ చాలా చోట్ల అది రిజిస్టరులో సంతకాలతోనే ముగుస్తోంది.

ఇక బడి సంగతి. నా వృత్తి కాబట్టి దీని గురించి కొంత విపులంగా చెప్పదలచుకున్నాను. 1970లలో చమురు ధర పెరిగి వచ్చిన ఆదాయంతో ఇండోనేషియా 1973-74 నుంచి 1978-79 వరకు 61 వేలకు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టింది. పిల్లలు బడికి పోని జిల్లాలకు ఎక్కువ బడులు కేటాయించింది. ఆ బడుల వల్ల పిల్లల చదువు సాగిన కాలమూ, పెద్దయ్యాక వారి సంపాదనా పెరిగాయని, 2019లో నోబెల్ బహుమతి అందుకున్న ఎస్తేర్ డుఫ్లో తన పరిశోధనలో చూపారు. అయితే బడి కట్టినంత మాత్రాన మారుమూలకు పంతులు రాడు. 2005 నాటి ఉపాధ్యాయ చట్టం దూర ప్రాంతాల్లో పనిచేసేవారికి మూల వేతనంతో సమానమైన ప్రత్యేక భత్యం ఇచ్చింది. భత్యం తీసుకొని బడికి రానివారు అప్పటికీ మిగిలారు. అందుకని 2016 నుంచి పశ్చిమ కలిమంతాన్, తూర్పు నుసా తెంగ్గారాల్లోని ఐదు జిల్లాల్లో ఒక ప్రయోగం చేశారు. తల్లిదండ్రులూ ఊరి పెద్దలూ కలిసి ఒక సంఘంగా ఏర్పడి, ఉపాధ్యాయులతో ఒప్పందం రాసుకొని, నెలనెలా వారి పనిని అంచనా వేశారు. హాజరును కెమెరాతో నమోదు చేసి భత్యాన్ని దానికి ముడిపెట్టిన బడుల్లో పిల్లల చదువు అన్నిటికన్నా ఎక్కువగా మెరుగుపడింది. ఉపాధ్యాయుడిగా ఈ మాట రాయడానికి నాకు సంకోచం లేదు. ఏకోపాధ్యాయ తండా బడిలో ఆ ఒక్కరూ రాకపోతే ఆ రోజుకు బడి లేనట్టే. అలాగే అక్కడ నిజంగా పాఠం చెప్పేవారికి పట్టణంలో పనిచేసేవారి కన్నా ఎక్కువ జీతం ఇవ్వడం దానం కాదు.

వైద్యంలోనూ ఇదే దారిలో 1989 నుంచి శిక్షణ పొందిన ప్రసూతి నర్సులను ఊరికొకరు చొప్పున నియమించి, ఊళ్ళోనే నివాసం ఉంచడానికి ప్రయత్నించారు. కొన్నేళ్ళలో వారి సంఖ్య 50 వేలు దాటింది. మన ఏఎన్ఎంలు మండల కేంద్రాల నుంచి వచ్చిపోవలసిన పరిస్థితికి వారిని తప్పుపట్టలేం. సబ్ సెంటరులో రాత్రి ఉండదగిన గది ఉండాలి కదా.

ఇండోనేషియాలో అంతా బాగుందని నేను అనడం లేదు. గ్రామ నిధిని మింగి జైలుకు పోయిన ఊరి పెద్దలు ఎందరో ఉన్నారు. జనమే లేని ఊళ్ళ పేరిట నిధులు పోయిన సంగతి 2019లో అప్పటి ఆర్థిక మంత్రి శ్రీముల్యాని ఇంద్రావతి పార్లమెంటులోనే ప్రస్తావించారు. 2022లో కనీసం 40 శాతం నగదు సాయానికి, 20 శాతం ఆహార భద్రతకు ఖర్చు చేయాలని కేంద్రం ముందే నిర్ణయించడంతో ఊరి సభకు తేల్చడానికి మిగిలింది తక్కువ. ఊరి పెద్ద పదవీకాలాన్ని 2024లో ఆరేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళకు పెంచడం కూడా నాకు మంచి నిర్ణయంగా తోచడం లేదు.

పర్యాటకం గురించి ఒక మాట. 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ ప్రకటించిన ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో మన భూదాన్ పోచంపల్లితో పాటు జావా దీవిలోని ఙ్లాంగెరాన్ కూడా ఉంది. అది గునుంగ్‌కిదుల్ అనే జిల్లాలోది. నీటి ఎద్దడికీ వలసలకూ ఆ జిల్లా పేరుపడింది. ఊరి యువజన సంఘమే బోడి గుట్ట మీద చెట్లు నాటి, తరువాత సందర్శకుల తాకిడిని తగ్గించడానికి టికెట్ ధర పెంచి, ఇళ్ళలో బస ఏర్పాటు చేసి ఆదాయం సంపాదించింది. అభినందించవలసిన విషయమే. కానీ ఒక గుట్టో, ఒక నేతపనో ఉన్న ఊరికి దొరికే దారి అది. ఏ ప్రత్యేకతా లేని వేల ఊళ్ళకు బడి, నర్సు, నీళ్ళు, కచ్చితంగా చేతికందే నిధి కావాలి.

కాబట్టి రాష్ట్ర ఆర్థిక సంఘం పంచాయతీ నిధుల పంపిణీలో మండల కేంద్రం నుంచి దూరాన్నీ, రోడ్డు సౌకర్యాన్నీ ఒక అంశంగా చేర్చాలని కోరుతున్నాను. కొత్త సర్పంచులు తమ పంచాయతీకి వచ్చిన ప్రతి రూపాయినీ, ఖర్చునూ పంచాయతీ కార్యాలయం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. మీ పత్రికకూ ఒక విన్నపం. నల్లగొండ, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ జిల్లా పేజీల్లో ఒక్కో మండలం చొప్పున ఏ పంచాయతీకి ఎంత వచ్చింది, ఎంత బకాయి ఉంది, గ్రామ సభ చివరిసారి ఎప్పుడు జరిగింది అన్న వివరాలు వరుసగా ప్రచురించండి. దేవరకొండ ప్రాంతపు తండాలతో మొదలుపెడితే, అక్కడి సర్పంచులతో మాట్లాడి వివరాలు సేకరించి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా