బంటుని రాజు నోట్లో ఎందుకు పెట్టిందంటే

సఖినేటిపల్లి

ఒరేయ్ సత్తిబాబూ,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇక్కడంతా కులాసా. దాళ్వా కోతలయ్యాయి, కాలవలు కట్టేశారు, తక్కిన కబుర్లు ఇంకోసారి. ముందు నీ ప్రశ్న సంగతి తేల్చాలి.

చదరంగంలో రూకూ బంటూ చేతిలో ఉండి ఎదుట ఒంటరి రాజే ఉంటే, టేబుల్‌బేస్ (కొద్ది పావులే మిగిలిన ఆటలన్నిటికీ ముందే ఫలితం లెక్కగట్టి ఉంచిన పట్టిక) ఆ బంటుని రాజు నోట్లో పెట్టమంటోంది, పాడైందా అన్నావు. పాడవలేదురా! నువ్వడిగింది ఒకటి, అది చెబుతున్నది ఇంకోటి. నీ దగ్గరున్నవి సిజిజీ ఫైళ్ళు, 2013లో రోనాల్డ్ డి మాన్ తెచ్చినవి. అంతకుముందున్న నాలిమోవ్ పట్టికల్లో ఆటకట్టుకి ఎన్ని ఎత్తులో ఉండేది. వీటిలో ఉండేది బంటు కదలడానికో, పావు చావడానికో ఎన్నెత్తులన్నదే. ఆ రెండూ జరక్కుండా 50 ఎత్తులు దాటితే డ్రా అడగొచ్చు కదా, దాని కాపలా అన్నమాట. బంటు తోస్తే లెక్క మళ్ళీ సున్నా. ఆ బంటు పోయినా రూక్ ఒక్కటే మహా అయితే 16 ఎత్తుల్లో కట్టేస్తుంది. గెలుపు ఎక్కడికీ పోలేదు, ఇక బంటు మీద దానికి బెంగేముంటుంది?

అందుకే పట్టిక చూసి నేరుగా ఆడకు, చెస్ ఆడే ప్రోగ్రాం ఉంది కదా, స్టాక్‌ఫిష్, దానికి అప్పజెప్పు. ఖాయంగా గెలిచే ఎత్తులన్నిటినీ సమానంగా చూసి, అందులోంచి తన బుర్రతో ఏరుకుంటుంది.

ఐదు పావుల దాకా 290 ఫైళ్ళు, ఒక జీబీకి కాస్త తక్కువ. సగం ఆర్‌టీబీడబ్ల్యూ, అంటే గెలుపా, డ్రానా, ఓటమా అన్నంతే. స్టాక్‌ఫిష్ ఎత్తులు వెతుకుతున్నంతసేపూ వీటినే తెరుస్తుంటుంది, కాబట్టి ఎస్ఎస్‌డీలో పెట్టు. మిగతా సగం ఆర్‌టీబీజెడ్, ఎత్తుల లెక్కవి. బోర్డు మీదున్న స్థితికే కావాలి, మామూలు డిస్క్ చాలు. ఫైళ్ళెక్కడున్నాయో స్టాక్‌ఫిష్‌కి చెప్పే సెట్టింగు సిజిజీపాత్, అందులో రెండు ఫోల్డర్ల మధ్య విండోస్‌లో సెమీకోలన్, లైనక్స్‌లో కోలన్. ఆరు పావులవి దాదాపు 150 జీబీ. అవి దింపాక ఐదువి తీసేసేవు, వద్దు! ఒక్క పావు చచ్చిందంటే ఆట ఐదులోకి దిగుతుంది. ఎండీ5 (ఫైలు చెడలేదని చూసుకునే గుర్తు సంఖ్య) సరిచూడకుండా ఏ ఫైలూ వాడకు, డౌన్‌లోడ్ సగంలో తెగినవి కూడా చూడ్డానికి నిండుగానే కనిపిస్తాయి. క్యాస్లింగ్ (రాజునీ రూక్‌నీ ఒకే ఎత్తులో జరపడం) హక్కు మిగిలిన స్థితులు వీటిలో ఉండవు, వెతక్కు.

మన పులస గుర్తుందా, సముద్రంలోంచి ధవళేశ్వరం దాకా ఎదురీదేది? ఇవి కట్టడమూ అదే. ఆటకట్టయిన స్థితులన్నీ ముందు రాసుకుని, వాటికి ముందెత్తు, దానికి ముందెత్తు అంటూ వెనక్కి. రెండు బిషప్‌లు గుర్రం మీద గెలవలేవని వందేళ్ళకు పైగా నమ్మారు. 1983లో కెన్ థాంప్సన్ అనే కంప్యూటర్ నిపుణుడు ఇలాగే లెక్కగట్టి గెలుపని తేల్చాడు. కానీ గుర్రాన్ని పట్టడానికే 66 ఎత్తులు పట్టే స్థితులున్నాయి. 50 నియమం పెడితే అవి డ్రా! గెలుపై కూడా గెలుపు కానివి. సిజిజీ వాటికి వేరే గుర్తు పెడుతుంది, నీ పట్టికలో అది కనిపించిన చోట...

అదిగో, నర్సాపురం పంటు రేవుకొచ్చేసింది, ఉత్తరం పట్టుకెళ్ళేవాడు కేకేస్తున్నాడు. ఏడు పావుల సంగతి

నీ
బుజ్జి