పేలింది ఏమిటో చెప్పండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. రాజోలు ప్రాంతంలో ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. ఎక్స్‌ప్లోజన్ అనే మాటకూ, దాని చుట్టాలైన బ్లాస్ట్, బర్స్ట్, డిటొనేషన్, బ్లోఅవుట్ వంటి వాటికీ మన పత్రికలన్నీ ‘పేలుడు’ అన్న ఒక్క మాటనే కట్టబెడుతున్నాయి. చమురు బావుల పక్కన కాపురాలు ఉంటూ, గ్యాసు పైపుల మీదుగా పొలాలకు నడిచి వెళ్లే కోనసీమ వాళ్లకు దీనివల్ల నిజంగా నష్టం జరుగుతోందని నా బాధ.

నిరుడు వేసవిలో మా వీధిలో ఒక ఇంట తెల్లవారుజామున ప్రమాదం జరిగింది. రాత్రంతా రబ్బరు గొట్టం నుంచి గ్యాసు కారి వంటగది నేల మీద పేరుకుంది; వంటగ్యాసు గాలి కన్నా బరువైనది కాబట్టి పైన వెంటిలేటరు తెరిచి ఉన్నా బయటికి పోలేదు. ఇంటావిడ లేచి లైటు స్విచ్చి వేయగానే గుప్పుమని అంటుకుంది. కిటికీ రెక్కలు ఊడి వాకిట్లో పడ్డాయి, ఆవిడ చేతులు మోచేతుల దాకా కాలాయి. మేము పరుగున వెళ్లి చూసేసరికి సిలిండరు అరుగు కింద సొట్టయినా పడకుండా నిలబడి ఉంది. గొట్టం మాత్రం పొయ్యికి తగిలించే చోట పగుళ్లిచ్చి ఉంది. మర్నాడు ఒక పత్రికలో ‘సిలిండరు పేలి మహిళకు గాయాలు’ అని వచ్చింది. అది చదివి, సిలిండరును పెరట్లోకి మార్చేస్తే మంచిదా మాస్టారూ అని నన్ను నలుగురు అడిగారు. తమ ఇంట్లో గొట్టం వేసి ఎన్నేళ్లయిందో చూసుకున్నవారు ఒక్కరూ లేరు. ఆ తప్పు వారిది కాదు, వార్తలో గొట్టం ఊసే లేదు.

పేలడమంటే ఏమిటో మనకు చిన్నప్పుడే వంటింట్లో తెలుస్తుంది. తొలి ఏకాదశి పేలపిండికి గింజలు వేయించేటప్పుడు లోపలి తేమ ఆవిరై, ఆ ఒత్తిడికి పైపొర తట్టుకోలేక టప్పున విచ్చుకుంటుంది, అవే పేలాలు. మూసి ఉన్నదేదో లోపలి బలానికి ఒక్కసారిగా విచ్చిపోతేనే పేలినట్టు. ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలరు పేలిందన్నా, సంచిలో టపాకాయలు పేలాయన్నా ఆ మాట అతికినట్టు సరిపోతుంది. ఎక్స్‌ప్లోజన్ అన్న ఇంగ్లీషు మాట పుట్టుక వేరు. లాటిన్‌లో దాని మూలానికి, నచ్చని నటుణ్ణి చప్పట్లతో, కేకలతో రంగస్థలం నుంచి వెళ్లగొట్టడమని అర్థం. మందుగుండుకు అంటుకున్నది తరువాతి కాలంలోనే. డిటొనేషన్‌కు మూలం ఉరుము. శాస్త్రజ్ఞులు మంట ధ్వని కన్నా వేగంగా పాకితేనే డిటొనేషన్ అంటారు, నెమ్మదిగా పాకితే దానికి వేరే పేరు ఉంది. ఆ రెండో దానికి తెలుగు లేదని పరిభాష నిఘంటువులు వెతకనక్కరలేదు. గుప్పుమంది, భగ్గుమంది అని మన ఆడవాళ్లు రోజూ అనే మాటలు ఆ తేడాను చక్కగా పట్టి ఇస్తాయి. మా వీధిలో జరిగింది సరిగ్గా అదే.

బ్లోఅవుట్ సంగతి ఇంకా స్పష్టం. బావి తవ్వేటప్పుడు భూమి లోపలి గ్యాసును బురద వంటి బరువైన ద్రవంతో అదిమి పెడతారు, ఆ అదుపు తప్పితే గ్యాసు బావి నోట ఎగదన్నుకు వస్తుంది. 1995 జనవరి 8న మా కోనసీమలోని పాశర్లపూడిలో ఒక బావి దగ్గర ఇలా మొదలైన మంట 65 రోజుల పాటు ఆరలేదు. పేలుడు అన్ని రోజులు ఉంటుందా? అందుకే ఇక్కడ అక్షరం రాని వృద్ధులు కూడా ఇప్పటికీ దాన్ని బ్లోఅవుట్ అనే అంటారు. తెలుగులో వేరే మాట కావాలనుకుంటే ‘ఎగదన్నడం’ ఉంది, లేదంటే బ్లోఅవుట్ అనే రాయండి. మావాళ్లకు అది పరాయి మాట కాదు.

బర్స్ట్ అన్న చోటల్లా కూడా పేలుడో విస్ఫోటమో వచ్చి కూర్చుంటోంది. నీటి పైపు పగులుతుంది, సీసా చిట్లుతుంది, ఏటిగట్టుకు గండి పడుతుంది. గంటకు 100 మిల్లీమీటర్లు కురిస్తేనే వాతావరణ శాఖ క్లౌడ్‌బర్స్ట్ అంటుంది; అంత కురవని వానకు కూడా మేఘ విస్ఫోటమన్న పేరెందుకు, కుండపోత అంటే చాలదా? ఇంగ్లీషువాడి కోపం పేలుతుంది. మన కోపం కట్టలు తెంచుకుంటుంది. 1986 ఆగస్టులో గోదావరి గట్లు తెగడం కళ్లారా చూసినవారికి ఆ మాటలో ఉన్న బలం వేరే చెప్పాలా? దాన్ని వదిలి ‘ఆగ్రహ విస్ఫోటం’ అని శీర్షిక పెట్టినప్పుడు నాకు మనసుకు కష్టంగా ఉంటుంది.

అయితే నాచేత ఈ ఉత్తరం రాయించింది మా కోనసీమలోని నాగరం గ్రామంలో జరిగిన ప్రమాదం. 2014 జూన్ 27 తెల్లవారుజామున పైపు నుంచి కారిన గ్యాసు చుట్టూ పరుచుకుని, ఎక్కడో నిప్పు తగిలి, నిద్రలో ఉన్నవారితో సహా ఇరవై మందికి పైగా ప్రాణాలు తీసింది. దాన్ని అందరూ ‘పైపులైను పేలుడు’ అనే రాశారు, ఇప్పటికీ అలాగే రాస్తున్నారు. పేలుడంటే క్షణంలో అయిపోయేది, ఎవరూ ఏమీ చేయలేనిది అని చదివేవారి మనసులో పడుతుంది. కానీ గ్యాసు కారడానికీ అంటుకోవడానికీ మధ్య కొంత వ్యవధి ఉంటుంది. పొయ్యి వెలిగించకుండా, బండి స్టార్టు చేయకుండా, పిల్లల్ని తీసుకుని గాలికి ఎదురుగా నడిచి పోగలిగేది ఆ వ్యవధిలోనే. ‘పేలుడు’ అన్న మాట ఆ వ్యవధిని మింగేస్తోంది.

కారణం తేలనంత వరకు అగ్నిప్రమాదం అని మాత్రమే రాయమని మీ విలేకరులకు చెప్పండి. నాగరం గురించి మళ్లీ రాసే రోజున, గ్యాసు కారి, పరుచుకుని, అంటుకుందని మూడు క్రియలూ వేయండి. శీర్షిక ఒక వరుస పెరిగినా సరే.

భవదీయుడు,
విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు,
రాజోలు, కోనసీమ