తడి ఆరని డాబాకు ఇక పూత వేయను

మా చేత పని చేయించుకున్న వాళ్లకీ, చేయించుకుందామని ఫోన్ చేస్తున్న వాళ్లకీ ఈ నాలుగు మాటలు. విజయవాడలో డాబా లీకులు, పిట్టగోడలు, సన్‌షేడ్లు, బయటి గోడల ప్లాస్టరింగు, రేకుల షెడ్లు, ఇవే మా పనులు. 2025 వానల్లో నేను చేసిన పనుల్లో కొన్ని చెడిపోయాయి. ఎందుకు చెడిపోయాయో, ఆ ఇళ్లకు ఏం చేయబోతున్నానో, ఇక మీదట ఏ పని ఒప్పుకోనో మీకు చెప్పాలి.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ వానలు వెలిశాక పాయకాపురం నుంచి ఒక మామ్మగారు ఫోన్ చేశారు. "బాబూ, నువ్వు వేసిన తెల్లపూత అట్టులాగా లేచొస్తోంది, ఒకసారి వచ్చి చూడు" అన్నారు. వెళ్లేసరికి వంటింట్లో గ్యాసు పొయ్యి పక్కకు జరిపి, కారే చోట తపేలా పెట్టుకుని ఉన్నారు. డాబా ఎక్కి చూస్తే పూత అంతా బుడగలు. ఒక బుడగను మేకుతో పొడిస్తే లోపలి నుంచి నీళ్లు వచ్చాయి. పైన పూత ఉంది, కింద స్లాబు తడిసే ఉంది.

వాన నీళ్లు స్లాబులోకి దిగకుండా వేసే ఆ పూత వేసింది జులైలో. మూడు రోజులు వానలు పడ్డాక రెండు రోజులు ఎండ కాసింది. ఆ రెండు రోజుల్లో కడిగి, పగుళ్లు పూడ్చి, రెండు చేతులు పూత కొట్టేశాం. మామ్మగారు తొందరపెట్టలేదు. తొందర నాదే. అయిదుగురు మనుషులు ఖాళీగా కూర్చున్నారు, కూలి ఇవ్వాలి, ఇంకో మూడు ఇళ్లు వరసలో ఉన్నాయి. పైపైన ఆరినట్టు కనిపించింది, కానిచ్చేశాను.

ఇంటికొచ్చి పుస్తకం తీశాను. జూన్ మధ్య నుంచి ఆగస్టు ఆఖరు దాకా 23 డాబాలకు పూత వేశాం. నవంబరులో అన్నిటికీ మేస్త్రీని తీసుకుని నేనే తిరిగాను. 9 చోట్ల పూత లేచింది. వాటిలో నాలుగిళ్ల వాళ్లు నాకు ఫోన్ కూడా చేయలేదు, చేసినా ఎవరొస్తారులే అనుకున్నారట.

ఎందుకు లేస్తుందో చెబుతాను, రేపు ఇంకెవరి చేత చేయించుకున్నా మీకు పనికొస్తుంది. కాంక్రీటు రాయిలా కనిపిస్తుంది గానీ, దాని నిండా కంటికి కనపడని సందులుంటాయి. వానకి అవి నీళ్లు పీలుస్తాయి. పైన అంగుళం మందాన ఎండకు తెల్లబడినా లోపల చెమ్మ అలాగే ఉంటుంది. దాని మీద యాక్రిలిక్ పూత వేస్తే మూత పెట్టినట్టే. ఎండ కాయగానే లోపలి చెమ్మ ఆవిరై పైకి తోస్తుంది, దారి దొరక్క పూతను లేపుతుంది. అదే బుడగ. బుడగ పగిలితే వాన నీళ్లు పూత కిందికి దూరతాయి, ఇక అవి ఆరే దారి లేదు. అసలు పూతే లేకపోతే ఆ స్లాబు ఎండకు తనంతట తానే ఆరి ఉండేది. అంటే ఆ ఇళ్లకు మేలు చేయకపోగా, ఉన్నదాన్ని చెడగొట్టాను.

ఇదే తప్పు నేను గోడల విషయంలో అంతకుముందే చేశాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మీద, రాజరాజేశ్వరిపేట మీద, పాయకాపురం మీద పడ్డప్పుడు ఆ ఇళ్లలో నీళ్లు రోజుల తరబడి నిలిచిపోయాయి. నీళ్లు తీశాక అందరిదీ ఒకటే మాట: దసరాకి ఇల్లు ఇల్లులా కనపడాలి. ఆ బురద చూసిన నేను కాదనలేకపోయాను. మంచి ఇటుకైనా దాని బరువులో ఆరో వంతు దాకా నీళ్లు తాగుతుంది. తొమ్మిదంగుళాల గోడ నడుము లోతు నీళ్లలో అన్ని రోజులు నానితే నెల రోజుల్లో ఎలా ఆరుతుంది? మేం లప్పం పెట్టి రంగులు వేశాం. సంక్రాంతికల్లా అడుగున తెల్లగా ఉప్పు తేలింది, వేసవికి రంగు పెచ్చులు పెచ్చులుగా రాలింది. అప్పుడు వరద నీళ్ల మీదకి నెట్టేశాను. వరద నీళ్లు గోడను తడిపాయి, ఆరకముందే లప్పం పెట్టింది మాత్రం నేనే.

చెడిపోయిన ఆ తొమ్మిది డాబాలకూ పాత పూత గీకించి, ఆరబెట్టి, మళ్లీ వేస్తాను. కూలి, సరుకు రెండూ నావే. మామ్మగారిది ముందే మొదలుపెట్టాను. మిగతావి సంక్రాంతికి మా వాళ్లు శ్రీకాకుళం వెళ్లి తిరిగొచ్చాక మొదలుపెట్టి, మార్చి నెలాఖరుకు పూర్తి చేస్తాను. కొత్త పనులు వీటి తర్వాతే. వరద తర్వాత నా చేత లప్పం పెట్టించుకున్న వాళ్లు కూడా ఫోన్ చేయండి. గోడ అడుగున మూడడుగుల మేర ఊడిన లప్పం, గుల్లబారిన ప్లాస్టరింగు తీసేసి కొత్తగా చేసి ఇస్తాను, ఆ కూలి నాది. సరుకు మాత్రం మీరు కొనుక్కోవాలి, అన్నిళ్లకూ కొనే శక్తి నాకు లేదు.

గ్యారంటీ సంగతీ తేల్చాలి. ఇన్నాళ్లూ "ఏడేళ్ల గ్యారంటీ" అని చెప్పి డబ్బా మీది కాగితం మీ చేతిలో పెట్టాను. ఆ కాగితం సరుక్కి. తడి మీద పూస్తే అది చెల్లదని అందులోనే రాసి ఉంది, నేను చదివి చెప్పలేదు. ఇక మీదట నా చేత్తో రాసిన కాగితం ఇస్తాను: మూడు వానాకాలాల లోపు మేం వేసిన చోట కారితే నా ఖర్చుతో చేస్తాను. బిల్లులో పదో వంతు కూడా మొదటి గట్టి వాన పడి, మీరు లోపల తలెత్తి చూసుకున్నాకే తీసుకుంటాను.

ఇక పని జరిగే తీరు. పూత పనులు జనవరి నుంచి మే దాకానే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం స్లాబు మీద కాలు పెట్టలేం, పూత కూడా సరిగ్గా పట్టకుండానే ఎండిపోయి చిట్లుతుంది. అందుకని పొద్దున పదింటి లోపు, సాయంత్రం నాలుగు దాటాక చేస్తాం. రోజులు ఎక్కువ పడతాయి, ముందే చెబుతున్నాను. వానాకాలంలో ఫోన్ చేస్తే వస్తాను, తూములు శుభ్రం చేస్తాను, పగులు మీద టార్పాలిన్ కట్టి ఆ పూటకు గట్టెక్కిస్తాను. పూత మాత్రం వేయను. ఎంత బతిమాలినా వేయను.

పూతకు ముందు రోజు ఒక పరీక్ష పెడతాం. అడుగున్నర చదరం పాలిథీన్ కాగితం స్లాబు మీద పరిచి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించాలి. కనీసం 16 గంటలు ఉంచి తీస్తే, కాగితం కింద నీటి చుక్కలున్నా స్లాబు రంగు ముదిరినా లోపల చెమ్మ ఉన్నట్టే. నాలుగైదు చోట్ల పెట్టాలి, ముఖ్యంగా ట్యాంకు పక్కన, పిట్టగోడ మూలల్లో. ఖర్చు లేని పని, మీరే చేసుకోవచ్చు. ఇది యాక్రిలిక్ పూతల మాట. సిమెంటు కలిపి వేసే పూతకు స్లాబు కొంచెం తడిపి ఉండాలి, నీళ్లు మాత్రం నిలవకూడదు. ఏది ఏ పూతో తెలియకుండా వేయించుకోవద్దు.

కారుతుందో లేదో తేల్చడానికి డాబా మీద నీళ్లు నిలబెట్టి చూడమని చాలామంది అడుగుతారు. మంచిదే, కానీ పాత డాబాల మీద జాగ్రత్త. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద రెండంగుళాల నీళ్లంటే 4.7 టన్నుల బరువు. కింద పెచ్చులు ఊడి, చువ్వలు బయటపడ్డ స్లాబు మీద నేను ఆ పని చేయను.

ఆ పెచ్చుల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే దీంట్లోనే ఎక్కువమంది మోసపోతున్నారు. చువ్వ తుప్పు పడితే ఉబ్బుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు మూడింతలు, ఇంకా ఎక్కువ కూడా చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బుకే కింది కాంక్రీటు పగిలి ఊడుతుంది. దాని మీద సిమెంటు మెత్తి సున్నం కొడితే ఆరు నెలలు అందంగా ఉంటుంది, లోపల తుప్పు తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. గుల్లగా మోగే చోటల్లా కొట్టి తీసేయాలి, చువ్వను చుట్టూ వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్దాలి, తుప్పు ఆపే పూత వేయాలి, పాతా కొత్తా అతికే జిగురు రాశాకే పాలిమర్ కలిపిన మోర్టారు పెట్టాలి. పై నుంచి నీళ్లు దిగే దారి అంతకుముందే ఆపి ఉండాలి. చువ్వ బాగా సన్నబడిపోయి ఉంటే నా వల్ల కాదు, ఇంజినీరుకు చూపించండి అంటాను. ఆ మాట అన్నందుకు ఒకాయన నన్ను పంపించేసి ఇంకొకరి చేత సిమెంటు మెత్తించారు. ఆ స్లాబు కింద పిల్లలు పడుకుంటారు, నాకు ఇప్పటికీ ఆ ఇల్లు గుర్తొస్తూనే ఉంటుంది.

సోలార్ పలకలు పెట్టించుకుంటున్న వాళ్లు స్టాండు బోల్టుల కోసం స్లాబుకు కన్నాలు కొట్టక ముందే నాకు చెప్పండి, కొట్టాక కంటే ముందైతే పని తేలిక. పాత సిమెంటు రేకులు విరగ్గొట్టడం, కోయడం మేం మానేశాం. ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు, మా కుర్రాళ్లకూ మీకూ. బోల్టులు విప్పి, రేకులు తడిపి, పగలకుండా దించుతాం, అదనంగా ఒక పూట పడుతుంది. పిట్టగోడ సందులో రావి మొక్క కనిపిస్తే ఊరికే పీకకండి, వేరు లోపలే మిగిలి మళ్లీ లేస్తుంది. అలాగే వదిలి నాకు చెప్పండి.

మామ్మగారి డాబా మీద పాత పూత గీకేసి పదిహేను రోజులైంది. ఈ సాయంత్రం మూడింటికి అయిదు చోట్ల పాలిథీన్ కాగితాలు అంటించి వచ్చాను. రేపు పొద్దున ఏడింటికి వెళ్లి విప్పాలి. చుక్క కనపడితే మళ్లీ వారం ఆగుతాం.