నాన్నగారికి, ఊపిరి గురించి

పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. దీర్ఘశ్వాస సాధన మొదలుపెట్టినప్పటి నుంచి, అది చేసేటప్పుడు తల తిరుగుతోందనీ, వేళ్ల కొసలు తిమ్మిరెక్కుతున్నాయనీ మొన్న ఫోనులో అన్నారు. నేనూ ఇక్కడ ఒక ఫిజియోథెరపిస్టు దగ్గర ఇదే నేర్చుకుంటున్నాను కనుక (ఊపిరి తీయడానికి కూడా ఫీజు కట్టాలా అని అమ్మ నవ్వుతుందని తెలుసు), వివరంగా రాయాలనిపించింది.

దీర్ఘశ్వాస అనగానే భుజాలెగరేసి, ఛాతీ పొంగించి, పట్టినంత గాలి లోపలికి లాగుతాం. వెంటవెంటనే అలా చేస్తే ఆక్సిజన్ పెద్దగా పెరగదు; ఆరోగ్యవంతుల రక్తంలో అది ముందే దాదాపు నిండుగా ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ మాత్రం తగ్గిపోతుంది, దాంతో మెదడులోని రక్తనాళాలు కుంచించుకుని తల తిరుగుతుంది. వేళ్ల తిమ్మిరీ ఆ కోవలోదే కావచ్చు.

కాబట్టి బలం వద్దు, నిదానం కావాలి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, ఒక చేయి ఛాతీ మీద, మరొకటి పొట్ట మీద ఉంచుకోండి. ముక్కుతో గాలి పీల్చినప్పుడు, ఊపిరితిత్తుల కింద గొడుగులా ఉండే డయాఫ్రమ్ అనే కండరం దిగి పొట్ట మీది చేయి లేవాలి. ఛాతీ మీది చేయి కదిలీ కదలనట్టుండాలి. పీల్చడానికి నాలుగు సెకన్లు, వదలడానికి ఆరు సెకన్లు తీసుకుంటే నిమిషానికి 6 శ్వాసలవుతాయి. మామూలుగా పెద్దవాళ్లు 12 నుంచి 20 సార్లు తీస్తారు. ఆయాసమనిపిస్తే సెకన్ల లెక్క తగ్గించుకోండి, ఊపిరి మాత్రం బిగబట్టవద్దు.

మామూలు శ్వాసలో లోపలికి వెళ్లే సుమారు 500 మిల్లీలీటర్ల గాలిలో 150 దాకా శ్వాసనాళాల్లోనే ఉండిపోతుంది, రక్తానికి అందదు. పైపైన, గబగబా పీల్చేవారికి ఆ వృథా ఇంకా ఎక్కువ. ఇక నెమ్మదిగా వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ అనే నాడి ప్రభావంతో గుండె వేగం కొంచెం తగ్గుతుంది. మణికట్టు పట్టుకుని చూస్తే నాకు ఆ తేడా తెలుస్తోంది. వయసుతో అది తగ్గుతుంది కనుక మీకు తెలియకపోయినా బెంగపడవద్దు.

క్రమం తప్పకుండా చేస్తే రక్తపోటు కొద్దిగా తగ్గవచ్చు. అంతమాత్రాన బీపీ మాత్రలు మానవద్దు. సాధన చేయని వేళల్లో కూడా తిమ్మిరి వస్తుంటే వాయిదా వేయకుండా డాక్టరుకు చూపించి, ఆయన ఏమన్నారో నాకు తెలియజేయండి.

ఇట్లు,
మీ అమ్మాయి