ఆసుపత్రికి యాప్ కంటే ముందు ఒక ఫోన్ నంబరు కావాలి

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో, పోలీసు స్టేషన్లలో, కార్మిక శాఖ కార్యాలయాల్లో అనువాద యాప్‌లు వచ్చేస్తున్నాయి కాబట్టి ఇక దుబాసీల పని అయిపోయినట్టేనన్న మాట ఈ మధ్య తరచూ వినిపిస్తోంది. దీని మీద నాకు చెప్పవలసింది కొంత ఉంది. నేను రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఎక్కువ భాగం కొత్తవలస–కిరండూల్ లైనులోనే, పాడువా, మచ్‌కుండ్ రోడ్ లాంటి స్టేషన్లలో గడిచింది. ఒడియాతో పాటు, ఆ కొండల్లో ఏ సంతకు వెళ్లినా వినిపించే దేశియా కూడా అక్కడే అబ్బింది. ఆ పుణ్యమా అని ఇప్పుడు విశాఖ నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రికి, తెలిసిన నర్సమ్మలు కబురు చేసినప్పుడల్లా వెళ్లి రోగికీ డాక్టరుకూ మధ్య కూర్చుంటున్నాను. జీతం లేదు, గుర్తింపు కార్డూ లేదు. గేటు దగ్గర ఆపితే నర్సమ్మ పేరు చెప్పుకొని లోపలికి పోవడమే.

ముందుగా యంత్రానికి దక్కవలసిన మర్యాద దానికి ఇచ్చేస్తాను. పరవాడ వైపు పనిచేసే ఒక బీహార్ కుర్రాడికి కాంట్రాక్టరు రెండు నెలల కూలి ఎగ్గొట్టాడు. ఆ కుర్రాడు కార్మిక శాఖ కార్యాలయంలో బల్ల ముందు నిలబడి ఫోనులో హిందీలో చెప్పుకొన్నాడు, ఫోను తెలుగు చేసి పెట్టింది, గుమాస్తా ఒకటి రెండు మాటలు దిద్ది అర్జీ రాసేశాడు. పావుగంట పని. తేదీలు, రూపాయలు, ఊరి పేరు, కాంట్రాక్టరు పేరు తప్ప అందులో మెలిక ఏదీ లేదు. ఇలాంటి చోట నన్ను పిలిస్తే ఆటో చార్జీ దండగ. ఓపీ చీటీ ఎక్కడ ఇస్తారు, ఎక్స్‌రే గది ఏ అంతస్తులో ఉంది, ఈ మాత్ర భోజనానికి ముందా తర్వాతా, ఇవన్నీ యాప్ చెప్పగలదు. చెప్పనివ్వండి.

చిక్కంతా తలుపు వేసుకున్న గదిలో మొదలవుతుంది.

ఒడిశాలోని కొరాపుట్ వైపు నుంచి ఒక పెద్దావిడ కడుపునొప్పితో వచ్చింది. హౌస్ సర్జన్ అమ్మాయి మంచి పిల్ల, ఓపిక ఉన్న పిల్ల. యాప్‌లో ఒడియా పెట్టుకొని, ఫోను ముసలావిడ ముఖం ముందు పట్టుకొని, నొప్పి ఎన్నాళ్ల నుంచి అని అడిగింది. ఫోను పుస్తకాల ఒడియాలో, ఆకాశవాణి వార్తలు చదివినట్టు పలికింది. ఆవిడ ముందు చుట్టూ చూసింది, మాట్లాడిందెవరా అని. ఈలోగా వెనక నిలబడ్డ అల్లుడు ‘మూడు రోజులు’ అన్నాడు. అదే సమయంలో ఆవిడ దేశియాలో ‘రెండు సంతల నుంచి’ అంది. పక్కనుంచి స్ట్రెచర్ గడగడలాడుతూ పోయింది. ఫోను మాత్రం తడబడకుండా, మూడు రోజుల్లో రెండు బజార్లు అని తెర మీద వేసింది. డాక్టరమ్మకు నవ్వొచ్చింది. చేసేదేముంది, కేసు షీటులో మూడు రోజులని రాసుకుంది.

అల్లుడి మూడు రోజులు ఊరు విడిచి బయలుదేరినప్పటి లెక్క. ఆవిడది రోగం లెక్క. సంత వారానికి ఒకసారి కాబట్టి నొప్పి మొదలై రెండు వారాలు. నేను వెళ్లి కూర్చున్నాక ఇంకో సంగతి బయటపడింది. ఆ రెండు వారాలూ ఆవిడ ఊళ్లో నాటువైద్యం చేసే దిసారి ఇచ్చిన వేరు మందు తాగుతూనే ఉంది. ఆ మాట అల్లుడి ముందు చెప్పడం ఆవిడకు ఇష్టం లేదు. నాకది ముఖంలో కనిపించింది గనక, టీ తెమ్మని అతన్ని క్యాంటీనుకు పంపాను. అల్లుణ్ణి టీకి పంపే యాప్ ఇంకా రాలేదనుకుంటాను.

దీనికంటే నన్ను బాధపెట్టేది ఆపరేషనుకు ముందు తీసుకునే అంగీకార పత్రం. యాప్ రెండు నిమిషాలు చదువుతుంది, రోగి తల ఊపుతుంది, వేలిముద్ర పడుతుంది. కొండ మీది నుంచి వచ్చినవాళ్లు పెద్దవాళ్ల ముందు, తెల్లకోటు ముందు దేనికైనా తల ఊపుతారు. అది మర్యాద. అర్థమైందనడానికి అది గుర్తు కాదు. మా స్టేషన్ మాస్టర్ల పద్ధతి ఒకటుంది. పక్క స్టేషను వాడు ఫోనులో చెప్పింది మనం తిరిగి అప్పజెప్పాలి, మాట అందిందనడానికి గుర్తుగా ప్రైవేటు నంబరనే రహస్య సంఖ్య ఇచ్చి పుచ్చుకోవాలి, ఇద్దరూ రిజిస్టరులో రాసుకోవాలి. అప్పుడే ఆ మాటకు విలువ, అప్పుడే బండి కదులుతుంది. ఆసుపత్రిలోనూ నేను ఇదే చేయిస్తాను. ‘ఇప్పుడు డాక్టరమ్మ ఏమి చేస్తానంది? నువ్వు చెప్పు’ అని అడుగుతాను. చాలాసార్లు వచ్చే జవాబు వింటే డాక్టర్లే మళ్లీ మొదటి నుంచి చెబుతారు. యాప్‌కు చదవడమే తెలుసు, అప్పజెప్పించుకోవడం తెలియదు.

యాప్ లేని రోజుల్లో ఏమి జరిగేదని అడగవచ్చు. ఇప్పుడూ జరుగుతున్నదే. ఆశ్రమ పాఠశాలలో చదువుకొని తెలుగు నేర్చిన పిల్లలు తల్లిదండ్రులకు దుబాసీలవుతున్నారు. తల్లికి నెలసరి సంగతులు, గర్భసంచి సంగతులు పదకొండేళ్ల కూతురి నోటితో అడిగించడం నేను కళ్లారా చూశాను. ఆ పిల్ల సగం ప్రశ్నలు తల్లిని అడగనే లేదు, జవాబులు తనే చెప్పేసింది. అమెరికాలో ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఆసుపత్రుల్లో, ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరంలో తప్ప పిల్లల్ని ఇలా వాడకూడదని నిబంధన ఉంది. 2024లో అక్కడే ఇంకో నిబంధన తెచ్చారు. ముఖ్యమైన పత్రాన్ని యంత్రంతో అనువదిస్తే, అర్హత ఉన్న మనిషి ఒకరు దాన్ని సరిచూసి తీరాలి. యంత్రాలు తయారుచేసే దేశమే అంత జాగ్రత్త పడుతుంటే మనకెందుకంత తొందర?

అసలు మన కొండల భాషలు ఈ యంత్రాలకు వచ్చునా అన్నది ఇంకో ప్రశ్న. 2022లో మొదలైన కేంద్ర ప్రభుత్వ అనువాద వేదిక భాషిణి ప్రధానంగా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల చుట్టూ అల్లుకున్నది. 2011 జనాభా లెక్కలు చూస్తే పదివేల మందికి పైగా మాట్లాడే భాషలు 121. షెడ్యూలు బయట మిగిలిన 99లోనే మన పాడేరు, అరకు మనుషుల మాటలు చాలా ఉన్నాయి. గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2025 సెప్టెంబరులో గిరిజన భాషల అనువాద యాప్ ‘ఆది వాణి’ని ప్రయోగదశలో విడుదల చేసింది. సంతాలీ, భీలీ, ముండారీ, గోండీ అందులో ఉన్నాయి, తర్వాతి వంతు కుయి, గారోలది అన్నారు. సంతోషమే. కానీ కుయి వేరు, మన ఏజెన్సీలో వినిపించే కువి వేరు. కువి, కొండ, గదబ మాట్లాడేవాళ్ల వంతు వచ్చేదాకా కడుపునొప్పి ఆగదు కదా. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని గిడుగు రామమూర్తి గారి పటానికి దండలు వేస్తాం. ఆయన పర్లాకిమిడిలో ఉండగా సవరలతో కలిసిమెలిసి వాళ్ల భాష నేర్చుకొని, నిఘంటువు కూర్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. ఆ సంగతి ఉపన్యాసాల్లో ఒక వాక్యంతో సరిపెట్టుకుంటున్నాం.

కోర్టుల్లో పరిస్థితి కాస్త నయం. నిందితుడికి తెలియని భాషలో సాక్ష్యం నడిస్తే, అతనికి తెలిసిన భాషలో వినిపించి తీరాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన నాగరిక సురక్షా సంహిత కూడా అదే చెబుతోంది. దుబాసీ ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి చట్టప్రకారం కట్టుబడి ఉంటాడు. ఫోనుకు ఆ కట్టుబాటు ఏమిటి? అది తప్పు చెబితే పట్టుకొని అడగవలసింది ఎవరిని? డాక్టరు చేతిలోని ఉచిత యాప్‌లో చెప్పిన రోగాల మాటలు ఏ సర్వరుకు చేరుతున్నాయో డాక్టరుకే తెలియదు. హెచ్ఐవీ పరీక్ష ఫలితం అలా చెప్పవచ్చునా?

నేను అడుగుతున్నదీ సాంకేతికతే. కాకపోతే పాతది, చవకది. ఆస్ట్రేలియాలో 1973లోనే టెలిఫోను దుబాసీల సేవ మొదలుపెట్టారు. ఇప్పటికీ ఇరవై నాలుగు గంటలూ నడుస్తోంది. డాక్టరు ఒక నంబరుకు ఫోను చేసి భాష పేరు చెబితే, ఆ భాష మనిషి లైనులోకి వస్తాడు. మనకూ అలాంటి నంబరు ఒకటి చాలు. క్యాజువాల్టీలో, ప్రసూతి వార్డులో, ఆపరేషన్ థియేటరు బయట స్పీకరు ఉన్న ఫోను పెట్టండి. అవతల పాడేరులోనో అరకులోనో తన ఇంటి దగ్గరే ఉండి మాట్లాడే మనిషి ఉండాలి. మనుషులు దొరకరని అనకండి. ఉమ్మడి రాష్ట్రంలో ఇరవై ఏళ్ల కిందటే కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియాతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న పిల్లలకు పాఠాలు చెప్పించారు. ఆ పాఠాలు చెప్పినవాళ్లు, రాసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఆశా కార్యకర్తలున్నారు, డిగ్రీ చదివే పిల్లలున్నారు. పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) తలచుకుంటే జాబితా తయారు కావడం పెద్ద పని కాదు. రోగి సంగతి బయట చెప్పకూడదని, డాక్టరు మాటకు సొంత కవిత్వం జోడించకూడదని కొంత శిక్షణ ఇవ్వాలి. పిలుపుకు ఇంతని డబ్బు ఇవ్వాలి. ఇది సేవాభావంతో నడపవలసిన పని కాదు. నాకు పింఛను వస్తుంది కాబట్టి నేను ఊరికే వెళ్తున్నాను, వాళ్లు ఎందుకు వెళ్లాలి?

డబ్బులెక్కడివని కొందరు అధికారులు అడుగుతారు. మూడు రోజులని తప్పుగా రాసుకున్నందుకు మళ్లీ తీయించే స్కానింగుల ఖర్చు ఏ పద్దులోంచి వస్తోందో ముందు చూసుకుంటే మంచిది. కొండల్లో సిగ్నలు సరిగా ఉండదన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే సిగ్నలు అందే పెద్ద ఊళ్లలో ఉన్నవాళ్లను ఎంచుకోవాలి. మామూలు ఫోను మాటకు కాస్త సిగ్నలు చాలు, యాప్‌కు అదీ చాలదు.

ఇంకొక్క చిన్న కోరిక. మాట్లాడింది ఎవరు, ఎన్ని గంటలకు, ఏ భాషలో అన్నది కేసు షీటులో ఒక వరుస రాయించండి. యాప్ వాడితే యాప్ అనే రాయండి. రేపు ఏదైనా తేడా వస్తే వెతుక్కోవడానికి ఆధారమైనా ఉంటుంది.

జిల్లా అధికారులు ఈ నంబరు పెడితే ఒడియా, దేశియాల వరకు పగటి పూట పిలుపులు నేను చూసుకుంటాను. రాత్రిళ్లకు మాత్రం కుర్రవాళ్లను పెట్టుకోవాలి, నాకు చెవులు కాస్త మందగించాయి. కువి, గదబలకు మనుషుల్ని వెతకడం ఇప్పుడే మొదలుపెట్టాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టేషన్ మాస్టరు,
మర్రిపాలెం, విశాఖపట్నం.